వచ్చినవారు, చూసినవారు, కొన్నవారు

బట్టల కొట్టుకు వచ్చేవాళ్ళు మూడు రకాలు. కొనడానికి వచ్చేవాళ్ళు, చూడడానికి వచ్చేవాళ్ళు, యెండకు తట్టుకోలేక నీడకు వచ్చేవాళ్ళు. బెజవాడలో ఈ మూడో రకం కాస్త యెక్కువ. ముగ్గురినీ గుమ్మంలోనే పోల్చుకోగలిగినవాడు వర్తకుడనీ, తక్కినవాళ్ళు వర్తకం పేరు చెప్పి ఇంటివాడికి అద్దె కట్టుకునేవాళ్ళనీ మా నాన్నగారు అంటూ వుండేవారు.

ఆయనకు వన్‌టౌన్‌లో చిన్న బట్టల కొట్టు వుండేది. 1960ల నాటి మాట. సంక్రాంతి వెళ్ళి, ధాన్యం డబ్బు చేతిలో పడగానే, దివిసీమ నుంచీ గుడివాడ నుంచీ కైకలూరు నుంచీ పెళ్ళి బట్టలకు జనం బస్సులు దిగేవారు. నాన్నగారు గల్లాపెట్టె ముందు కూర్చుని చెవి మాటల మీద వేసేవారు గాని, చూపు మాత్రం వాళ్ళ చేతుల మీద వుంచేవారు. “ఆకుపచ్చవి తియ్యండి” అంటూనే ఒకావిడ వంకాయరంగు చీర అంచు తడుముతూ వుంటే గుమాస్తాకు కనుసైగ చేసేవారు. మరుక్షణం వంకాయరంగు చీర ఆవిడ ముందు పరుచుకునేది. ఆవిడ కొనేది. కొని, “ఈ కొట్లో మనసు తెలిసి చూపిస్తారమ్మా” అని పక్కావిడతో చెప్పేది.

ఆ విద్య ఆయనతోనే పోయిందనుకున్నాను. నాకు అబ్బలేదు, బళ్ళో లెక్కలు చెప్పి పింఛను పుచ్చుకుంటున్నవాణ్ణి. కొట్టు మా తమ్ముడికి వచ్చింది. వాడి చేతి మీద చాలా యేళ్ళు నడిచి, అద్దెలు పెరిగి, మూతపడింది. ఇప్పుడు వాడి కూతురు ఆ కొట్టును మేడమీది గదిలోకి తెచ్చి ఇంటర్నెట్టులో పెట్టింది. పెడన కలంకారీ చీరలు, మంగళగిరి నేత చీరలు అమ్ముతుంది. గుమ్మం లేదు, గుమాస్తా లేడు, అర్ధరాత్రి రెండు గంటలకైనా తలుపు మూసేది లేదు.

“గుమ్మమే లేని కొట్టుకు యెవరొచ్చారో యెలా తెలుస్తుందమ్మాయ్?” అని అడిగాను.

“అన్నీ తెలుస్తాయి పెదనాన్నా. దానికి యాడ్-ఆన్లు వున్నాయి” అన్నది.

ఆ అన్నీ యేమిటో కనుక్కుందామని నాలుగు రోజులు దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఇంట్లో ఆడపిల్లలు చీరలో, పచ్చళ్ళో, పూతరేకులో ఇలా అమ్ముకుంటున్న కుటుంబాలు ఇప్పుడు చాలా వున్నాయి గనుక, తెలిసినంత మట్టుకు చెబుతాను.

ఇంటర్నెట్టులో కొట్టు పెట్టాలంటే ఇటుకలు పేర్చనక్కరలేదు. కట్టి సిద్ధంగా వుంచిన కొట్లు దొరుకుతాయి. కెనడావారి షాపిఫై 2006లో వచ్చింది. వూకామర్స్ 2011లో వచ్చింది. కొట్టు వాళ్ళది, సరుకు మనది. ఆ కొట్టుకు తరవాత మనం తగిలించుకునేవే యాడ్-ఆన్లు. బండి కొన్నవాడు చక్రానికి గంటలూ, కింద లాంతరూ విడిగా కట్టుకున్నట్టు. వచ్చినవాళ్ళను లెక్కపెట్టేది ఒకటి. గూగుల్ వారి అనలిటిక్స్ 2005 నుంచీ ఉచితంగా ఈ పని చేస్తున్నది. వచ్చినవాడు యే పుటలో యెంతసేపు వున్నాడు, యెంతవరకు కిందికి జరిపాడు, యెక్కడ వేలు పెట్టాడు అన్నది రంగుల్లో చూపేది మరొకటి. జనం యెక్కువగా తాకినచోట యెర్రగానూ, తాకనిచోట నీలంగానూ వుంటుంది. దీన్ని హీట్ మ్యాప్ అంటారు. ఇదిగాక ఒక్కొక్క మనిషి నడకనూ బొమ్మ తీసి, సినిమాలాగా తిరిగి చూపించేది కూడా వుంది.

వచ్చినవాడు రేపు మళ్ళీ వస్తే పోల్చుకోవడానికి, మొదటిసారే వాడి ఫోనులో ఒక చిన్న చీటీ పెట్టి పంపుతారు. దాని పేరు కుకీ. చీటీ మీద పేరుండదు, ఒక అంకె వుంటుంది. చెప్పుల స్టాండులో ఇచ్చే బిళ్ళలాంటిదన్నమాట.

మొదటి నెల లెక్క చూసి మా తమ్ముడు పొంగిపోయాడు. బెజవాడ నుంచే రోజుకు పాతికసార్లు యెవరో కొట్టుకు వస్తున్నారు. తీరా విచారిస్తే ఆ వచ్చేవాడు వాడే. పొద్దున లేచింది మొదలు, యెవరైనా వచ్చారా అని ఫోను తెరిచి చూసుకుంటున్నాడు. యంత్రం వాణ్ణి కూడా ఖాతాదారుల్లో కలిపి రాస్తున్నది. అమ్మాయి ఇంట్లో ఫోనులన్నిటినీ లెక్కలోంచి తీసివేసింది. ఇది గాక, మనుషులే కాని మరమనుషులు కొందరు పుటలన్నీ తిరిగి పోతుంటారు. యంత్రం కొందరిని యేరివేస్తుంది గాని అందరినీ కాదు. అన్నీ పోగా నిజంగా వచ్చేవాళ్ళు రోజుకు 40 మంది తేలారు. వాళ్ళలో డల్లాస్ నుంచీ మెల్‌బోర్న్ నుంచీ వచ్చే మనవాళ్ళు కొందరు. నాన్నగారి కొట్టుకు దివిసీమ యెంత దూరమో దీనికి డల్లాస్ అంతే దూరం.

అసలు పేచీ దసరా ముందు వచ్చింది. పెడనలో మేము సరుకు తెచ్చే అద్దకం షెడ్డువారికి పండగకు ఆర్డరు చెప్పాలి. చేతి అద్దకానికి వేళ పడుతుంది. గుడ్డను గంజి పోయేట్టు ఉతికి, కరక్కాయ నీళ్ళలో తడిపి ఆరబెట్టాలి. టేకు అచ్చులతో ఒక్కొక్క రంగూ విడివిడిగా అద్దాలి. నలుపు బెల్లమూ ఇనుమూ నానిన నీళ్ళతో వస్తుంది, యెరుపు పటిక పట్టించి ఉడికిస్తే వస్తుంది. మధ్య మధ్య పారే నీటిలో ఉతకాలి. మొగులు పడితే పని ఆగిపోతుంది. అదే డిజైను స్క్రీను మీద గీసి రసాయనపు రంగుతో లాగేస్తే పూటలో అయిపోతుంది, ధర సగం కూడా వుండదు.

“కొనేవాళ్ళకు ఆ తేడా పట్టదన్నయ్యా! బొమ్మ బాగుంటే చాలు. ఈ యేడు స్క్రీనువి తెచ్చి పడేద్దాం” అన్నాడు తమ్ముడు.

“పడుతుంది నాన్నా. యెలా చేశారో చూపిస్తే పడుతుంది” అన్నది అమ్మాయి.

తండ్రీకూతుళ్ళ వాదం రెండు రోజులు నడిచింది. మూడోనాడు అమ్మాయి, “అనుకోవడమెందుకు, పరీక్ష పెడదాం” అన్నది. అదే స్ప్లిట్ టెస్టింగు. ఒకే చీరకు రెండు పుటలు తయారుచేసింది. మొదటిదాంట్లో చీర కట్టుకుని నిలబడ్డ అమ్మాయి ఫోటో, కింద ధర. రెండోదాంట్లో అచ్చు అద్దుతున్న చేతుల ఫోటో, కరక్కాయ మొదలు కాలవ దాకా పది పంక్తుల వివరం, కింద అదే ధర. వచ్చినవాళ్ళలో సగం మందికి మొదటి పుట, సగం మందికి రెండోది కనిపిస్తుంది. యెవరికి యేది అన్నది యంత్రం చీటీ వేసినట్టు తేలుస్తుంది. ఒకసారి చూసినవాడికి మళ్ళీ వచ్చినా అదే పుట కనిపించేట్టు కుకీ చూసుకుంటుంది. పంపకం జరిగినట్టు వచ్చినవాళ్ళకు తెలియదు.

ఇటువంటి పనిముట్లు మన దేశంలోనూ తయారయ్యాయి. ఢిల్లీలో పరాస్ చోప్రా అనే యువకుడు వింగిఫై అనే సంస్థ పెట్టి 2010 ప్రాంతంలో తెచ్చిన వీడబ్ల్యూఓ ఈ పరీక్షకే పుట్టింది. గూగుల్ వారు ఆప్టిమైజ్ అని ఉచితంగా ఇచ్చినదాన్ని 2023 సెప్టెంబరు 30న మూసివేశారు. అప్పటినుంచి చిన్న కొట్లవాళ్ళు నెలకింత అని చెల్లించేవాటి మీదనో, తమ కొట్టుతోపాటు దొరికే చిన్న యాడ్-ఆన్ల మీదనో ఆధారపడుతున్నారు.

ఇదంతా కొత్త విద్య అని మా తమ్ముడు అబ్బురపడ్డాడు. నాకు మాత్రం పాత చుట్టమే కనిపించింది. ఒక రైతు కొత్త వరి విత్తనాన్ని కాలవ మొదట్లో వున్న పొలంలోనూ, పాతదాన్ని నీరందని శివారు పొలంలోనూ వేసి, కొత్తది ఎక్కువ పండింది గనుక అదే మంచిదంటే కృష్ణా డెల్టాలో యెవరూ ఒప్పుకోరు. “అది విత్తనం గొప్ప కాదయ్యా, నీళ్ళ గొప్ప” అంటారు. మరి తేల్చేది యెలా? ఒకే పొలాన్ని చిన్న చిన్న మళ్ళుగా చేసి, యే మడికి యే విత్తనమో చీటీలు వేసి నిర్ణయించి, రెండూ పక్కపక్కన పెంచాలి. ఇంగ్లండులో రొథాంస్టెడ్ వ్యవసాయ కేంద్రంలో 1919లో ఉద్యోగానికి చేరిన రోనాల్డ్ ఫిషర్ ఈ పద్ధతికి శాస్త్రం కట్టి, 1935లో దాని మీద పుస్తకం వేశాడు. మన బాపట్ల నుంచి 1986లో విడుదలైన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, వంటి రకాలు రైతు చేతికి రావడానికి ముందు ఇలాంటి మళ్ళలోనే నెగ్గాలి. మనం రోజూ తినే అన్నం వెనక ఒక స్ప్లిట్ టెస్టింగు వున్నదన్నమాట.

ఆ ఫిషరు దగ్గరే కేంబ్రిడ్జిలో చదివి 1948లో డాక్టరేటు పుచ్చుకున్నవాడు మన తెలుగువాడు సి.ఆర్. రావు గారు. 1920లో పుట్టి, చిన్నతనంలో నూజివీడు, నందిగామ బళ్ళలో చదువుకుని, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లెక్కల ఎమ్మే చేసి, కలకత్తా వెళ్ళి సంఖ్యాశాస్త్రంలో ప్రపంచానికి పెద్దదిక్కయ్యారు. 2023లో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమతి అందుకుని, ఆ సంవత్సరమే 102 యేళ్ళ వయసులో కన్నుమూశారు. మా అమ్మాయి మేడమీది పరీక్షకూ నందిగామ బడికీ ఇంత దగ్గర చుట్టరికం వున్నదని చెబితే దానికి యెంతో సంతోషం కలిగింది.

నాన్నగారు కూడా ఒక వారం మంగళగిరి చీరలు ముందు వరసలో పెట్టి, మరువారం వెంకటగిరివి పెట్టి పోల్చి చూసేవారు. కాని రెండో వారంలో ముహూర్తాలుంటే? వాన పడితే? వారాలు రెండూ ఒకటి కావు. ఒకే రోజున, ఒకే గంటలో, వచ్చినవాళ్ళను చీటీల మీద రెండుగా పంచితేనే పండగైనా వానైనా రెండువైపులా సమంగా తగులుతుంది. నాన్నగారికి లేని సౌకర్యం ఇదొక్కటే.

మూడు వారాలైంది. 800 మంది వచ్చారు, చెరో 400. బొమ్మ పుట చూసినవాళ్ళలో 9 మంది కొన్నారు. అద్దకం పుట చూసినవాళ్ళలో 6 గురు కొన్నారు.

“చూశావా! మూడు వంతులు అక్కడైతే రెండు వంతులు ఇక్కడ. యంత్రం చెప్పేసింది. పెడనవాళ్ళకు ఫోను చేసి ఈ యేడాదికి వద్దని చెప్పేస్తాను” అని తమ్ముడు ఫోను చేతిలోకి తీసుకున్నాడు. అమ్మాయి మొహం చిన్నబోయింది. ఆ షెడ్డులో అన్నదమ్ములు ఇద్దరూ, వాళ్ళ ఆడవాళ్ళూ, మరి నలుగురు పనివాళ్ళూ మా దసరా ఆర్డరును లెక్కలో పెట్టుకుని గుడ్డ కొని వుంచారు. తొమ్మిదికీ ఆరుకీ మధ్యనున్న మూడు మీద వాళ్ళ పండగ ఆధారపడి వున్నది.

“ఫోను కింద పెట్టరా. జేబులో రూపాయి బిళ్ళ వుంటే తియ్యి” అన్నాను.

బిళ్ళను 15 సార్లు యెగరెయ్యమన్నాను. బొమ్మ 5, బొరుసు 10 వచ్చింది. మళ్ళీ వేస్తే 8, 7. మళ్ళీ వేస్తే 6, 9. “బిళ్ళలో యేమైనా మోసం వుందా?” అని అడిగాను. లేదన్నాడు. మోసం లేని బిళ్ళను 15 సార్లు యెగరేస్తే 9కి 6 గాని, అంతకు మించిన తేడా గాని, పదింట ఆరుసార్లు వస్తుంది. కొన్న 15 మందీ ఆ 15 బిళ్ళలే. కాబట్టి యంత్రం యింకా యేమీ చెప్పలేదు. చెప్పిందని మనం అనుకున్నాం.

ఇళ్ళలో కొట్లు నడుపుకునేవాళ్ళకు పనికి వస్తుందని, అమ్మాయికి చెప్పిన లెక్క ఇక్కడ రాస్తున్నాను. వచ్చినవాళ్ళను రెండు పుటలకూ సమంగా పంచినప్పుడు, కొన్నవాళ్ళ సంఖ్యలు రెండూ కలపండి. దానికి వర్గమూలం తియ్యండి. రెట్టింపు చెయ్యండి. రెండు సంఖ్యల తేడా దాన్ని మించితేనే పట్టించుకోండి. మాకు 9, 6 కలిపితే 15. వర్గమూలం సుమారు 4. రెట్టిస్తే 8. మా తేడా 3. అయిదేళ్ళ పిల్లవాడు కూడా మూడు ఎనిమిదిని మించదని చెబుతాడు.

ఇంకొక మాట. రోజూ పొద్దున్నే లెక్క చూసి, తనకు నచ్చినవైపు మొగ్గగానే “ఇక చాలు” అని ఆపేస్తే ఆ పరీక్ష పరీక్ష కాదు. చీట్లపేకలో తాను గెలిచిన ఆట తరవాత లేచిపోయేవాణ్ణి గొప్ప ఆటగాడనం గదా. యెన్నాళ్ళు పెట్టాలో ముందే అనుకుని, అన్నాళ్ళూ వుండాలి.

“అయితే యెంతమంది రావాలి పెదనాన్నా?” అని అడిగింది. కాగితం మీద వేసి చూశాను. నూటికి ఇద్దరు కొనేచోట రెండున్నర మంది కొంటున్నారని తేల్చాలంటే, ఒక్కొక్క పుటకూ సుమారు 14,000 మంది కావాలి. రోజుకు 40 మంది చొప్పున రెండు పుటలకూ కలిపి దగ్గర దగ్గర రెండేళ్ళు పడుతుంది. గూగుల్ వారు ఒక లంకె రంగు కోసం 41 నీలాలను పరీక్షించారని 2009లో పత్రికల్లో వచ్చింది. కోట్లమంది వచ్చేచోట అది చెల్లుతుంది. రోజుకు నలభై మంది వచ్చే కొట్టు బొత్తాము యెర్రగా వుండాలా పచ్చగా వుండాలా అని పరీక్షించడం చిట్టెడు ధాన్యం తూయడానికి వేబ్రిడ్జి యెక్కినట్టు వుంటుంది.

మరి చిన్న కొట్టుకు గతి? యంత్రంకంటే పాత దారే దగ్గరదని నాకు తోచింది. ఆ నడకల సినిమాల్లో ఒకరు వుండేవారు. ఆవిడో ఆయనో కూడా తెలియదు. అంకె మాత్రమే తెలుసు. వరసగా పదకొండు రాత్రులు వచ్చి, ఒకే ఇటుకరంగు చీర తెరిచి, కొంగు పెద్దదిగా చేసి చూసి, ధర దాకా వెళ్ళి, వెనక్కి పోయేవారు. “ధర యెక్కువనిపిస్తున్నది కాబోలు, తగ్గిద్దాం” అన్నాడు తమ్ముడు. అమ్మాయి మరొకటి ఊహించింది. యెవరూ ఆ మనిషిని అడగలేదు. అడగడానికి దారీ లేదు. అప్పుడు అమ్మాయి ప్రతి పుట కిందా ఒక వాక్యం రాసింది: “సందేహం వుంటే ఫోను చెయ్యండి, మేమే మాట్లాడతాం.”

వారంలో ఏడు ఫోనులు వచ్చాయి. అయిదు ఒకటే ప్రశ్న: “రంగు పోతుందాండీ?”

యెర్ర మచ్చల్లోనూ నీలం మచ్చల్లోనూ ఆ ప్రశ్న లేదు. యంత్రం పాదాలను లెక్కపెడుతుంది. మనిషి యెక్కడ ఆగిందో చెబుతుంది. ఎందుకు ఆగిందో మనిషే చెప్పాలి. మొదటి రెండు మూడు ఉతుకులూ విడిగా చన్నీళ్ళలో ఉతికి నీడను ఆరేసుకోవాలని, అద్దకంవాళ్ళు యెప్పుడూ మాకు చెప్పే మాటనే అమ్మాయి రెండు పుటల్లోనూ పెట్టింది. ఆ పదకొండు రాత్రులవారు ఫోను చేసినవాళ్ళలో వున్నారా లేదా అన్నది మాకు తెలియదు. తెలుసుకోవాలని ప్రయత్నించలేదు కూడా.

ఎందుకంటే, నాన్నగారు చూసిన చూపుకూ దీనికీ ఒక తేడా వుంది. ఆయన గల్లాపెట్టె ముందు అందరికీ కనిపించేట్టు కూర్చునేవారు. తన చేతిని ఆయన గమనించాడని ఆ వంకాయరంగు చీర ఆవిడకు తెలుసు. అందుకు సంతోషించింది కూడా. గోడకు కన్నం పెట్టి అదే చూపు చూస్తే ఆవిడ చెప్పు తీసి వుండేది. మనిషి గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, యే సమాచారం యెందుకు తీసుకుంటున్నామో సూటిగా చెప్పి అనుమతి అడగాలంటున్నది. ఆ నోటీసును ఇంగ్లీషులోనే గాక రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లో చదువుకునే వీలు కూడా వుండాలంటున్నది. తెలుగు వాటిలో ఒకటి. మా అమ్మాయి తెలుగులోనే రాసింది: “మీరు యే పుటలు చూశారో లెక్క రాసుకుంటాం, మీకు ఇష్టమైతేనే.” వద్దన్నవాళ్ళను యంత్రం వదిలేస్తుంది. నడకల సినిమాలు పూర్తిగా తీసేసింది. “నా చేతులు యెవరో అలా చూస్తుంటే నాకు బాగుండదు పెదనాన్నా” అన్నది.

అమ్మకాలు పెంచే యాడ్-ఆను ఒకటి వుంది. అరలో యాభై చీరలున్నా “రెండే మిగిలాయి!” అని యెర్రక్షరాలతో కొట్టుకుంటూ వుంటుంది. పది నిమిషాల గడియారం ఒకటి తిరుగుతూ వుంటుంది. పది నిమిషాలయ్యాక మళ్ళీ మొదటి నుంచి తిరుగుతుంది. ఇలాంటి 13 రకాల మాయలను కేంద్ర వినియోగదారుల సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు జారీచేసి నిషేధించింది. బూటకపు తొందర అందులో మొదటిది. “పరీక్ష పెట్టి చూద్దాం, ఇది గెలుస్తుందేమో!” అని తమ్ముడు ఉత్సాహపడ్డాడు. గెలుస్తుంది. తూకంరాయి తగ్గిస్తే కూడా లాభం గెలుస్తుంది. కొన్నింటికి పరీక్ష పెట్టకూడదు, పెట్టకుండానే వద్దనుకోవాలి.

పెడన ఆర్డరు విషయం ఆ సాయంత్రమే తేలిపోయింది. పరీక్ష అటూ ఇటూ చెప్పనప్పుడు, చెప్పవలసింది సరుకు తెలిసినవాడు. తమ్ముడు లేచి బీరువాలోంచి రెండు చీరలు తీశాడు. ఒకటి చేతి అద్దకం, ఒకటి స్క్రీనుది. రెండూ వెలుతురుకు పట్టుకుని, తిప్పి, వెనకవైపు చూసి, చాలాసేపు వేళ్ళ మధ్య నలిపి కూర్చున్నాడు. యెన్నో యేళ్ళు కొట్లో కూర్చున్న చేతులవి. తరవాత ఫోను తీసుకుని, నిరుడు చెప్పినన్ని చీరలే ఈ యేడూ చెప్పాడు. “నాలుగు ఇటుకరంగువి యెక్కువ వెయ్యండి” అని కూడా అన్నాడు.

రంగు సంగతి రాశాక అమ్మకం పెరిగిందా అని మీరు అడగవచ్చు. పెరిగినట్టే కనిపిస్తున్నది. తమ్ముడు మాత్రం రోజూ పొద్దున్నే లెక్క చూసి నా దగ్గరకు వచ్చి, “వర్గమూలం దాటిందా అన్నయ్యా?” అని అడుగుతాడు. ఇంకా దాటలేదు.